ఇంట్లో బల్లమీదికి పవర్ సప్లై కొనేముందు

మా ఊరు చేబ్రోలు పేరు చెప్పగానే ఎవరైనా కోనేటి మధ్యనున్న చతుర్ముఖ బ్రహ్మ గుడి సంగతి అడుగుతారు. నాకు మాత్రం సాయంత్రం ఏడింటికి మసకబారే మా వసారాలోని బల్బు గుర్తుకొస్తుంది. 230 వోల్టులు ఉండవలసిన చోట ఎండాకాలంలో నా మల్టీమీటరు చాలాసార్లు 180 చూపించింది. పవర్ సప్లై ఎంపిక గురించి రాయడానికి ఆ బల్బు సంగతి ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

గోడ ప్లగ్గులోని ఏ.సి.ని డి.సి.గా మార్చి, మనం అడిగినన్ని వోల్టులే ఇచ్చే పెట్టె పవర్ సప్లై. సెల్‌ఫోను చార్జరో, ట్రాక్టరు బ్యాటరీయో చాలదా అని మిత్రులు అడుగుతుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. చేలో తడి ఆరగానే నాన్న ఫోనుకు కబురు పంపే పరికరం చేద్దామని కిందటేడు ముగ్గురం చందాలేసుకుని సిమ్ 800 ఎల్ మాడ్యూలు కొన్నాం. దానికి 3.4 నుంచి 4.4 వోల్టుల లోపే ఇవ్వాలి. ట్రాక్టరు బ్యాటరీ నుంచి చిన్న కన్వర్టరు ద్వారా 4 వోల్టులు ఇస్తుండగా, బ్యాటరీ నుంచి వచ్చే తీగ జారి మాడ్యూలుకు తగిలింది. చిటుక్కుమంది, అంతే. కమురు వాసన వసారా అంతా నిండింది. ఆ బ్యాటరీ వందల ఆంపియర్లు ఇవ్వగలదు. ఎంత లాగితే అంత ఇస్తుంది, ఎందుకని అడగదు.

నాన్న వచ్చి చూశాడు. "పొలంలో మోటారుకి స్టార్టరెందుకు పెట్టామనుకున్నావురా? లోడెక్కువైతే అదే కొట్టేస్తుంది. నీ డబ్బాకి అట్టాంటిది లేదా?" అన్నాడు. మూడో సంవత్సరం బి.ఎస్సీ. చదువుతున్న నాకు నోట మాట రాలేదు.

అట్టాంటిదే కరెంటు లిమిట్. మంచి పవర్ సప్లైకి వోల్టులకొక మర, ఆంపియర్లకొక మర ఉంటాయి. స్టార్టరు పూర్తిగా ఆపేస్తుంది, ఇది ఆపదు. మనం గీసిన గీత దగ్గర కరెంటును పట్టి ఉంచి, వోల్టేజిని తగ్గిస్తుంది. అప్పుడు సి.సి. అని రాసి ఉన్న దీపం వెలుగుతుంది. కొత్త సర్క్యూట్‌కు మొదట 0.1 ఆంపియరు లిమిట్ పెట్టి చూస్తే, తీగలు తప్పు కలిపినా చాలావరకు వేడెక్కి ఊరుకుంటుంది. అలాగని మరీ బిగించకూడదు. ఆ సిమ్ మాడ్యూలు కబురు పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. తర్వాత కొన్న రెండోదానికి లిమిట్ 0.5 పెట్టి, అది మాటిమాటికీ ఆగి మొదలవుతుంటే ప్రోగ్రాములో తప్పుందనుకుని రెండు రాత్రులు పాడుచేసుకున్నాను.

కాబట్టి రెండో మర లేని సప్లై ఎంత చవకైనా నేను కొనమనను. 30 వోల్టులు, 10 ఆంపియర్లు అని రాసి ఉంటే మోజు పడవద్దు. మన పనులన్నీ 3.3, 5, 9, 12 వోల్టుల దగ్గరే జరుగుతాయి. 3 ఆంపియర్లు చాలు.

సొంతంగా చేసుకోవచ్చు కదా అంటారు. ఎల్.ఎం. 317తో చేశాను, నేర్చుకోవడానికి అంతకంటే మంచిది లేదు. అయితే లెక్క చూడండి. 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, బ్రిడ్జి రెక్టిఫయరు దాటాక సుమారు 19.8 వోల్టుల శిఖరం వస్తుంది. గోడలో 180కి పడిపోతే అదే 15.2 అవుతుంది. 2,200 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టి 1 ఆంపియరు లాగితే, శిఖరాల మధ్య మరో 4 వోల్టుల పైన జారుతుంది. ఇక 12 వోల్టులు ఎక్కణ్ణుంచి వస్తాయి? మధ్యాహ్నం చక్కగా పనిచేసింది సాయంత్రం గుర్రుమంటుంది. పోనీ గోడలో 230 బాగానే ఉందనుకుని 5 వోల్టులు తీస్తే, మిగిలిన 15 వోల్టులు 1 ఆంపియరుకు 15 వాట్ల వేడిగా పోతాయి.

అందుకే నేను స్విచ్చింగ్ రకం తీసుకున్నాను. 100 నుంచి 240 వోల్టుల దాకా దేనికైనా ఓర్చుకునేదే ఎంచాను. అన్నీ అలా ఉండవు, వెనకనున్న చీటీ చదవాలి. మీడియం వేవ్ రేడియో పక్కన పెడితే గోల చేస్తుంది. రేడియోలు బాగుచేసేవారు బరువైనా లీనియరు రకమే కొనుక్కోవడం మేలు.

హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ, మద్రాసులో రిచీ స్ట్రీట్ ఇందుకు పేరుపడ్డ చోట్లు. ఎక్కడ కొన్నా మల్టీమీటరు, మోటారు సైకిలు పాత హెడ్‌లైటు బల్బు సంచిలో వేసుకెళ్ళండి. 12 వోల్టుల 35 వాట్ల బల్బు దాదాపు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. అది వెలిగాక మీటరులో 12 నిలబడాలి. తర్వాత లిమిట్ 0.5కు తగ్గించి, రెండు తీగలు ఒకదానికొకటి తాకించండి. సి.సి. దీపం వెలగాలి. కొట్టువాడు చిరాకుపడితే పడనివ్వండి. మినుములమ్మిన డబ్బులో నాన్న ఐదు వేలు తీసిచ్చినప్పుడు నాకు మొహమాటం లేకపోయింది.

ఎర్రది ప్లస్, నల్లది మైనస్. పచ్చది మైనస్ కాదు, ఎర్త్. ఆ పచ్చదానికి అర్థం ఉండాలంటే ఇంట్లో మూడో పిన్నుకు నిజంగా ఎర్త్ ఉండాలి. మా ఇంట్లో ఉండేది కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, పెరట్లో గొయ్యి తీసి బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ పెట్టించాం. తులసికోటకు నీళ్ళు పోసేటప్పుడు అమ్మ ఇప్పుడు అందులోనూ ఒక చెంబు పోస్తోంది.