శస్త్రచికిత్సకు ముందు వ్యాయామం: శారీరక సామర్థ్యపు పెరుగుదలను కొలవడం ఎలా?

1. ఉపోద్ఘాతం

పెద్ద శస్త్రచికిత్స జరిగిన తరువాత కొన్ని రోజులపాటు శరీరానికి మామూలు కంటే ఎక్కువ ప్రాణవాయువు అవసరమవుతుంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు ఆ అవసరాన్ని తీర్చలేకపోతే కోలుకోవడం ఆలస్యమవుతుంది, ఉపద్రవాలు పెరుగుతాయి. ఈ కారణంగానే శస్త్రచికిత్స తేదీకి ముందు దొరికే మూడు నాలుగు వారాల్లో రోగి చేత నడక, కండరాల వ్యాయామాలు చేయించి, పోషకాహారం అందించే పద్ధతి గత రెండు దశాబ్దాల్లో ప్రాచుర్యంలోకి వచ్చింది. దీనిని ప్రీహాబిలిటేషన్ అంటున్నారు. అయితే ఆ వారాల్లో రోగి సామర్థ్యం నిజంగా పెరిగిందా అన్నది తేల్చడం పైకి కనిపించినంత సులభం కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో, పరిమిత పరికరాలతో, ఈ కొలతను నమ్మదగినట్లుగా ఎలా చేయవచ్చో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. యంత్రం, వైద్యుని అంచనా, ప్రశ్నావళి

ఈ రంగంలో ప్రామాణికమైన పరీక్ష కార్డియో పల్మనరీ ఎక్సర్‌సైజ్ టెస్ట్. రోగి ముఖానికి మాస్క్ తగిలించుకొని స్థిర సైకిలు తొక్కుతుండగా, అతడు వినియోగించే ప్రాణవాయువును యంత్రం శ్వాస శ్వాసకూ కొలుస్తుంది. 1993లో ఓల్డర్, ఆయన సహచరులు ఆస్ట్రేలియాలో 187 మంది వృద్ధ రోగులను ఈ విధంగా పరీక్షించారు. అవాయు పరిమితి కిలో బరువుకు నిమిషానికి 11 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉన్నవారిలో హృదయ సంబంధ మరణాలు 18 శాతం కాగా, అంతకు మించి ఉన్నవారిలో 0.8 శాతం మాత్రమే. అయితే ఖరీదైన ఈ యంత్రం, దానిని నడిపే నిపుణులు ప్రతి పట్టణంలోనూ ఉండాలనుకోవడం ఆచరణ సాధ్యం కాదు.

దానికి బదులు “రెండంతస్తులు ఎక్కగలరా?” అని అడిగి వైద్యులు వేసే అంచనా ఎంతవరకు సరిపోతుంది? 2018లో లాన్సెట్ పత్రికలో వెలువడిన మెట్స్ అధ్యయనం 1401 మందిని పరిశీలించింది. శారీరక సామర్థ్యం తక్కువగా ఉన్నవారిలో దాదాపు ఐదుగురిలో ఒక్కరినే వైద్యుల అంచనా గుర్తించగలిగిందని అందులో తేలింది. డ్యూక్ యాక్టివిటీ స్టేటస్ ఇండెక్స్ అనే 12 ప్రశ్నల జాబితా అంతకంటే మెరుగ్గా పనిచేసింది.

కాని ఆ ప్రశ్నల్లో గోల్ఫ్, టెన్నిస్, స్కీయింగ్ ఉన్నాయి. కోదాడ పరిసరాల్లో నాట్లు వేసే మహిళకు, మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీకి ఇవి వర్తించవు. “లేదు” అన్న జవాబుకు సున్నా మార్కులు కనుక, ఆట తెలియకపోవడం చేతకానితనంగా నమోదవుతుంది. అలాగని గోల్ఫ్ స్థానంలో కలుపు తీయడాన్ని చేర్చినంత మాత్రాన సరిపోదు. ఆ పనికి ఎంత ప్రాణవాయువు ఖర్చవుతుందో కొలవకుండా మార్కులు కేటాయిస్తే పాత ప్రమాణం చెడుతుంది, కొత్తది ఏర్పడదు. తెలుగు ప్రశ్నావళికి అనువాదంతో పాటు ఈ పరిశోధన కూడా తప్పనిసరి.

3. ఆరు నిమిషాల నడక

మిగిలిన మార్గాల్లో అత్యంత అందుబాటులో ఉన్నది ఆరు నిమిషాల నడక పరీక్ష. చదునైన 30 మీటర్ల వరండా, రెండు గుర్తులు, ఒక గడియారం ఉంటే చాలు. రోగి ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిచాడన్నదే ఫలితం. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2002లో దీని నియమాలను ప్రకటించింది. ప్రోత్సహించే మాటలు కూడా అందులో నిర్దేశించినవే. “ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా” అని కేకలేస్తే దూరం పెరుగుతుంది గాని సామర్థ్యం కాదు.

మాంట్రియల్‌లో గిల్లిస్ బృందం పెద్దపేగు క్యాన్సర్ శస్త్రచికిత్స చేయించుకోబోయే 77 మందిపై చేసిన ప్రయోగ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ముందుగా వ్యాయామం చేసినవారి నడక దూరం శస్త్రచికిత్స నాటికి సగటున 25 మీటర్లు పెరిగింది. చేయనివారిది 16 మీటర్లు తగ్గింది. ఈ రెండో అంకెను చాలామంది పట్టించుకోరు. ఎదురుచూసే వారాల్లో రోగి దిగులుతో, విశ్రాంతితో క్షీణిస్తాడు. కనుక దూరం పెరగక, ఉన్నచోటే నిలిచిన రోగికి కూడా వ్యాయామం మేలు చేసి ఉండవచ్చు.

ఇక్కడే మరో చిక్కు ఉంది. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నవారికి ఇదే పరీక్షను రెండోసారి చేస్తే, ఏ వ్యాయామం లేకుండానే, సగటున 26 మీటర్లు పెరుగుతుంది. వరండా, మలుపు, వేగం అలవాటు కావడమే కారణం. ఇది గిల్లిస్ బృందం చూసిన పెరుగుదలకు దాదాపు సమానం. ఉదాహరణకు, ఒక రోగి మొదటిసారి 380 మీటర్లు, గంట విశ్రాంతి తరువాత 400 మీటర్లు, నాలుగు వారాల వ్యాయామం తరువాత 425 మీటర్లు నడిచాడనుకుందాం. అతని పెరుగుదల 45 కాదు, 25 మీటర్లు. మొదటి నడకను సాధనగా భావించి, రెండోదాన్ని ఆధారంగా తీసుకోవాలి. మాంట్రియల్ పరిశోధకులు కొలతలో సహజంగా ఉండే హెచ్చుతగ్గులను దృష్టిలో ఉంచుకొని, 20 మీటర్లు, ఆపైన పెరిగితేనే మెరుగుదలగా లెక్కించారు. ఆ ప్రకారం ఈ రోగి మెరుగుపడినట్లే. కాని అంచుకు దగ్గరగానే.

మన ప్రాంతంలో ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఒక పరీక్ష, జూలై ఉదయం మరొకటి జరిపితే, తేడాలో ఋతువు వాటా ఎంతో చెప్పలేం. ఒకే వరండా, ఒకే వేళ, ఒకే రకం చెప్పులు, వీలైతే అదే పరీక్షకుడు ఉండాలి. నాడి, ఆక్సిజన్ శాతం, ఆయాసపు స్థాయి కూడా నమోదు చేస్తే మేలు. అదే దూరాన్ని తక్కువ ఆయాసంతో నడవడం కూడా లాభమే.

హమాలీ వంటి దృఢమైన శ్రామికుని విషయంలో ఈ పరీక్ష మరో రకంగా విఫలమవుతుంది. పరుగెత్తకుండా నడవగల వేగానికి ఒక హద్దు ఉంది. అతడు మొదటి రోజే దాని దగ్గర ఉంటాడు. అతనికి పది మీటర్ల దూరంలో, సంకేత ధ్వనిని బట్టి వేగం పెంచుతూ నడిచే షటిల్ పరీక్ష సరైనది.

4. దూరం పెరిగితే ప్రమాదం తగ్గుతుందా?

బార్సిలోనాలో 2018లో వెలువడిన ప్రయోగంలో వ్యాయామం చేసిన అధిక ప్రమాద రోగుల్లో 31 శాతానికి, చేయనివారిలో 62 శాతానికి ఉపద్రవాలు వచ్చాయి. 2020లో మాంట్రియల్‌కు చెందిన కార్లీ బృందం బలహీన వృద్ధుల్లో అటువంటి తేడాను చూడలేదు. గిల్లిస్ ప్రయోగంలోనూ ఉపద్రవాల సంఖ్య తగ్గలేదు. ఎనిమిది వారాలకు తమ పూర్వ నడక సామర్థ్యాన్ని తిరిగి అందుకున్నవారు మాత్రం 84 శాతం, రెండో వర్గంలో 62 శాతం. కాబట్టి 25 మీటర్లు పెరిగిన రోగికి “ఇక మీకు భయం లేదు” అని చెప్పే అధికారం ఈ పరీక్ష ఇవ్వదు. మళ్లీ తన పొలం గట్టు మీద నడిచే రోజు త్వరగా రావచ్చని మాత్రం చెప్పవచ్చు. క్యాన్సర్ రోగి విషయంలో ఆ అంకెను ఇంకాస్త పెంచుదామని శస్త్రచికిత్స తేదీని వాయిదా వేయడం ఈ వ్యాసకర్త దృష్టిలో సమర్థనీయం కాదు.