ఎర, మేత, దీమం: జింక దేనికి వస్తుంది?

వేటపాలెం తీరంలో వేటకు వెళ్లడమంటే నేడు సముద్రం మీదికి పడవ తోలడమే, వేట మాంసమంటే కోస్తా ఊళ్లలో మేక మాంసమే. అడవి మృగాన్ని వెంటాడడమన్న పాత అర్థం వాడుకలో పలచబడినా, ఆ విద్యకు సంబంధించిన మాటలు మాత్రం తెలుగులో చెక్కుచెదరలేదు. గాలానికి గుచ్చేది ఎర, పశువు తన ఆకలికి తినేది మేత, అడవి జింకను రప్పించడానికి వేటగాడు మచ్చిక చేసి పెంచుకున్న జింక దీమం. ఎరకూ మేతకూ ఉన్న తేడా తిండిలో లేదు, పెట్టేవాడి ఉద్దేశంలో ఉంది.

నల్లమలలోని చుక్కల దుప్పి ప్రధానంగా గడ్డి మేసే జంతువే అయినా, ఎండాకాలంలో గడ్డి ఎండి పీచుగా మారినప్పుడు చెట్టు రాల్చిన పూలు, కాయలు, ఆకుల వైపు మళ్లుతుంది. ఇప్పచెట్టు రాత్రంతా రాల్చిన తియ్యని, కండగల పూల కోసం తెల్లవారకముందే దుప్పులూ ఎలుగుబంట్లూ అక్కడికి చేరుతాయి. కొండముచ్చులు కొమ్మల మీద సగం కొరికి వదిలేసిన చిగుళ్లకోసం దుప్పుల మంద కింద కాచుకుని ఉంటుంది. కార్తీకం తరువాత రాలే ఉసిరికాయల సంగతి మరీ చిత్రమైనది: దుప్పి కాయను మింగి, ఎక్కడో నీడన పడుకుని నెమరు వేసేటప్పుడు, అంటే కడుపులోని మేతను తిరిగి నోటికి తెచ్చుకుని నమిలేటప్పుడు, గట్టి టెంకను నేలమీద ఊసేస్తుంది. ఉసిరిచెట్టుకు దూరంగా, గుజ్జంతా పోయి శుభ్రంగా పడి ఉన్న ఆ టెంకలను చూసినవాడికి మంద ఎక్కడ విశ్రాంతి తీసుకుందో ఇట్టే తెలిసిపోతుంది. ఏ చెట్టు ఏ నెలలో రాలుతుందో తెలిసినవాడికి గింజల మూట మోయవలసిన పని లేదు.

చెట్టు తరువాత చెప్పుకోవలసింది ఉప్పు. ఆకుల్లో సోడియం బాగా తక్కువగా ఉంటుంది కనుక శాకాహార జంతువులు చవుడు నేలను వెదుక్కుంటూ వచ్చి నాకుతాయి. పూర్వం వేటగాళ్లు అలాంటి చోటనే మంచె కట్టుకుని కూర్చునేవారు. అవసరం కొద్దీ వచ్చిన జంతువును కాల్చడం వేటకే తలవంపని భావించినందువల్ల కాబోలు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొలిరూపంలో ఉప్పు నాకే చోట, నీటి మడుగు దగ్గర వేటాడరాదన్న నిబంధన ప్రత్యేకంగా ఉండేది. 1991 సవరణతో వేటే దాదాపు పూర్తిగా నిషిద్ధమయ్యాక దాని అవసరం తీరిపోయింది.

వేట చట్టబద్ధంగా సాగే అమెరికాలో మొక్కజొన్న గింజలను కుప్ప పోసి జింకలను రప్పించడం కొన్ని రాష్ట్రాల్లో నేటికీ ఉన్నా, అక్కడి అనుభవజ్ఞులు కూడా ఓక్ చెట్టు కాయలు రాలే రోజుల్లో ఆ కుప్పలను జింకలు అంతగా పట్టించుకోవని, అందులోనూ టానిన్ అనే వగరు పదార్థం తక్కువగా ఉండే తెల్ల ఓక్ కాయలనే ముందు ఏరుకుంటాయని చెబుతారు. పైగా ఆకులూ కొమ్మలూ జీర్ణం చేసుకోవడానికి అలవాటుపడిన కడుపులో ఒక్కసారిగా పిండి పదార్థం పడితే, మొదటి గదిలోని సూక్ష్మజీవులు దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చడంవల్ల కడుపు పులిసి జంతువు చనిపోవచ్చు. మిషిగన్ రాష్ట్రంలో 1990ల నడుమ అడవి జింకల్లో పశువుల క్షయ కనిపించినప్పుడు, ఒకే కుప్పలో మూతులు పెట్టి తినడం వ్యాధిని అంటిస్తుందని గుర్తించి మేత వేయడం మీద ఆంక్షలు విధించారు.

మన దేశంలో ఈ చర్చ అంతదాకా రానక్కర్లేదు. చట్టంలో వేట అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలోనే చంపడం, ఉచ్చు పన్నడంతోపాటు ఎర వేయడం కూడా చేరి ఉంది. జింకను పట్టాలనో చంపాలనో గింజ చల్లితే, తుపాకి పేలకపోయినా అది వేటే. సముద్రంలో మరపడవల వేటకు తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల విరామం ఉంటుంది, జింకకు మాత్రం ఆ విరామం ఏడాది పొడవునా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక చట్టం మొదటి షెడ్యూలులో ఉంది.

చిక్కు ఎర వేయనివాడికే. రోళ్లపాడు అభయారణ్యం చుట్టూ కృష్ణజింకలు పెరిగి పక్క పొలాల మీద పడ్డప్పుడు, రైతు తన కడుపుకోసం వేసుకున్న పంట వాటికి మేత అయింది. ఆ చేని చుట్టూ ఎవరైనా కరెంటు తీగ లాగితే, అదే పంట ఎర అవుతుంది.