పగ తీర్చుకునే అర్హత

'ఆది' సినిమాను ఈ మధ్య మళ్లీ చూశాను. 2002 నాటి చిత్రం. తమ భూమిని పేదలకు పంచబోయిన దంపతులను ఫ్యాక్షన్ నాయకుడు నాగిరెడ్డి హతమారుస్తాడు. పెరిగి పెద్దవాడైన కొడుకు పగ తీర్చుకుంటాడు. అప్పట్లో ఈలల హోరులో నాకు తట్టని ప్రశ్న ఈసారి వెంటాడింది. ఆ భూమి ఎవరికి దక్కాలో, ఆ పేదలు కథలో ఏం చేస్తున్నారు? ఎదురుచూస్తున్నారు. దాత కొడుకు రావాలి, తొడగొట్టాలి, ఆ తర్వాతే వారి వంతు.

ఆ కొడుకు పేరు ఆదికేశవరెడ్డి. అంతకు ముందే 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001) కులాన్ని పేరులోనే మోసుకొచ్చాయి. ఫ్యాక్షన్ ముఠా నేరసామ్రాజ్యమని ఈ చిత్రాలు ఒప్పుకుంటాయి. అయితే దాన్ని కూల్చేవాడూ ఆ మెట్టు మీదివాడే కావాలి. అప్పుడే వేటకొడవలి ధర్మమవుతుంది.

అదే కొడవలి దళితుడి చేతికొస్తే కథ నడకే మారుతుంది. పూమణి నవల 'వెక్కై' ఆధారంగా వెట్రిమారన్ తీసిన 'అసురన్' (2019) తెలుగులో 'నారప్ప' (2021) అయింది. పెద్దకొడుకును చంపించిన భూస్వామిని చిన్నవాడు నరుకుతాడు. ఆ తర్వాత జేజేలు లేవు. తండ్రీకొడుకులు అడవి పట్టి పరుగెత్తుతారు. చివరికి తండ్రి నేరాన్ని తన మీద వేసుకొని, చదువుకొమ్మని కొడుక్కి చెబుతాడు. చదువు ఒక్కటే కాపాడుతుందన్న ఆ ముగింపుతో నాకు పేచీ ఉంది గానీ, ఆ పరుగు మాత్రం నిజం.

చుండూరు బాధితులు ఆ కొడవలినీ పట్టలేదు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను ఊచకోత కోస్తే, మృతులను ఊరి నడిబొడ్డునే ఖననం చేశారు. విచారణ తమ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి, ప్రత్యేక న్యాయస్థానాన్ని అక్కడికే రప్పించుకున్నారు. తీర్పు 2007లో వచ్చింది: 21 మందికి యావజ్జీవ శిక్ష. పదహారేళ్లు. ఇందులో ఇంటర్వెల్ ఎక్కడ వేయాలో మన దర్శకులకు తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు.

2014లో హైకోర్టు ఆ శిక్షలను రద్దు చేసింది. చట్టం చేతులెత్తేసిన ఈ చోటే మన ప్రతీకార చిత్రాల్లో నాయకుడు కొడవలి అందుకుంటాడు. చుండూరు వాళ్లు సుప్రీంకోర్టుకు అప్పీలు వేశారు.