క్యారేజీ నిండినా ఇనుము చాలడం లేదు

బలపం, సుద్ద, పచ్చి బియ్యం చాటుగా తినే పిల్లల్ని మనం తిట్టి ఊరుకుంటాం. ఒంట్లో ఇనుము తరిగినప్పుడు చాలామంది పిల్లల్లో ఈ కోరిక పుడుతుంది. పాఠంలో మనసు నిలవకపోవడం, రెండంతస్తులు ఎక్కేసరికి రొప్పడం, కింది కనురెప్ప లోపల పాలిపోవడం కూడా చూడాల్సిన గుర్తులే.

రక్తహీనత పల్లెల్లోని పేదపిల్లలకే వస్తుందని నగరంలో చాలామంది తల్లిదండ్రుల ధీమా. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషణ సర్వేలో పిల్లల సిర నుంచి రక్తం తీసి పరీక్షించారు. దేశం మొత్తం మీద 5–9 ఏళ్లవారిలో 24 శాతం మందికి, 10–19 ఏళ్లవారిలో 28 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మరో సంగతి: ఇనుము లోపం పల్లెల్లో కంటే పట్టణాల్లో, లేనివారి కంటే ఉన్నవారి ఇళ్లలో ఎక్కువగా కనిపించింది.

ఇనుము లోపం, రక్తహీనత ఒకటి కావు. శరీరం ఇనుమును ఫెరిటిన్ రూపంలో, ముఖ్యంగా కాలేయంలో, గాదెలో గింజల్లా దాచుకుంటుంది. తిండిలో చాలనప్పుడు ముందు ఆ గాదె ఖాళీ అవుతుంది, హిమోగ్లోబిన్ పడిపోయేది ఆ తర్వాతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 5–11 ఏళ్ల పిల్లలకు డెసిలీటరు రక్తంలో 11.5 గ్రాముల కంటే తక్కువ హిమోగ్లోబిన్ ఉంటే రక్తహీనత. ఎనిమిదేళ్ల పాపకు 11.8 వస్తే రిపోర్టు మామూలుగానే కనిపిస్తుంది. నిల్వలు మాత్రం అడుగంటి ఉండొచ్చు. అటు రక్తహీనతకు బి12, ఫోలేట్ లోపాలు, నులిపురుగులు, తలసీమియా కూడా కారణమవుతాయి. అందుకే డాక్టరుకు చూపించకుండా మందుల షాపులో ఐరన్ సిరప్ కొని పట్టకూడదు.

కడుపునిండా తినే పిల్లలకు ఈ లోటేమిటి? పాలిష్ బియ్యంలో ఇనుము కొద్దిగానే ఉంటుంది. పప్పు, ఆకుకూరల్లోని ఇనుములో ఒంటికి పట్టేది నూటికి ఐదు నుంచి పది వంతులే. టిఫిన్‌తో పాటు టీ తాగితే అదీ తగ్గిపోతుంది. పాలలో ఇనుము దాదాపు లేదు, పైగా కాల్షియం దాని శోషణకు అడ్డొస్తుంది. బలమని పాలు ఎక్కువగా పట్టి, అన్నం తగ్గించేయడం అందుకే నష్టం. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండినా, భోజనం చివర ఒక జామకాయ తిన్నా సి విటమిన్ వల్ల ఇనుము బాగా పడుతుంది. మాంసం తినే ఇళ్లలో కాలేయం, వేటమాంసం మరింత మేలు.

ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో వారానికొకటి ఐరన్ మాత్ర ఇచ్చే పథకం ఉంది: 5–9 ఏళ్లవారికి గులాబీ రంగుది, 10–19 ఏళ్లవారికి నీలం రంగుది. నగరాల్లో ఎందరో పిల్లలు చదివే ప్రైవేటు బడులు దీని పరిధిలో లేవు. ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు చూసే ఆ బడుల వైద్యశిబిరాల్లో హిమోగ్లోబిన్ కూడా చూడాలని తల్లిదండ్రులు పట్టుబట్టాలి.

డాక్టరు రాసిన మందు మొదలుపెట్టాక నెలలోనే హిమోగ్లోబిన్ పెరగడం తెలుస్తుంది. పిల్ల హుషారుగా తిరుగుతోందని చాలామంది అక్కడే మందు ఆపేస్తారు. నిల్వలు నిండాలంటే హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా ఇంకో రెండు మూడు నెలలు వాడాలి.