చిన్న ఓడ, పెద్ద పోరు

2014 జనవరి 27న ‘ఈవ్ ఆన్‌లైన్’ అనే అంతరిక్ష యుద్ధ క్రీడలో ఒక పోరు మొదలై దాదాపు 21 గంటలు సాగింది. ఏడు వేల మందికి పైగా ఆటగాళ్లు అందులో దిగారు. ఆ ఆటలో అన్నిటికన్నా పెద్దవైన టైటాన్ ఓడలు 75 ధ్వంసమయ్యాయి. ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003లో విడుదల చేసిన ఈ ఆటలో పేలిపోయిన ఓడ ఇక తిరిగి రాదు. దాని వెనక నెలల తరబడి కూడబెట్టిన సొత్తు ఉంటుంది. అందుకే ఆ రోజు నష్టాన్ని అసలు డబ్బులోకి మార్చి, సుమారు 3 లక్షల డాలర్లని పత్రికలు లెక్కగట్టాయి.

ఇంత పెద్ద యుద్ధంలో ఒక మామూలు ఆటగాడి పని ఏమిటి? హెడ్‌ఫోన్లో ఓడల దళాన్ని నడిపే ఫ్లీట్ కమాండర్ ఒక పేరు చెబుతాడు. దానిమీద గురిపెట్టి ఎఫ్1 మీట నొక్కి కాల్చాలి. తర్వాత ఇంకో పేరు, మళ్లీ ఎఫ్1. రద్దీకి సర్వర్ కుప్పకూలకుండా ఆటలోని కాలాన్నే నెమ్మది చేసే ఏర్పాటు ఒకటి ఉంది. పోరు ముదిరితే ఆట వేగం పదో వంతుకు పడిపోతుంది. పది సెకన్లకొకసారి పేలే ఫిరంగి వంద సెకన్లకు గానీ పేలదు. అలాంటి పోరులో పాల్గొన్నామని చెప్పుకోవడం గర్వంగానే ఉంటుంది. ఆడుతున్నంతసేపూ మాత్రం చాలామందికి విసుగే. ఇది ఆటగాడి లోపం కాదనీ, మన మెదడు పనిచేసే తీరే అంతనీ నా నమ్మకం.

1990ల్లో వుల్‌ఫ్రమ్ షుల్ట్జ్ అనే నాడీశాస్త్రజ్ఞుడు కోతులకు పండ్ల రసం ఇస్తూ వాటి మెదడులోని డోపమిన్ కణాలను గమనించాడు. రసం అనుకోకుండా దొరికినప్పుడు ఆ కణాలు ఒక్కసారిగా చురుగ్గా స్పందించాయి. దీపం వెలిగిన తర్వాత రసం వస్తుందని కోతి నేర్చుకున్నాక ఆ స్పందన దీపం దగ్గరికి జరిగింది. రసం నోట్లో పడ్డా కణాల్లో చలనం లేదు. అంటే ఆ కణాలు చూసేది దొరికినదాన్ని కాదు, ఊహించినదానికీ దొరికినదానికీ మధ్య తేడాని. ముందే తెలిసిపోయిన గెలుపు వాటి లెక్కలోకి రాదు.

దీనికి నైపుణ్యం పెరిగే తీరు కూడా తోడవుతుంది. 1959లో క్రాస్‌మన్ అనే పరిశోధకుడు చుట్టలు తయారుచేసే కార్మికుల వేగాన్ని అధ్యయనం చేశాడు. తొలి రోజుల్లో వేగం గబగబా పెరిగింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పెరిగింది గానీ, రానురాను ఆ పెరుగుదల సన్నగిల్లింది. ఒకే ఓడ, ఒకే ఎత్తుగడతో మూడేళ్లుగా ఆడుతున్నవాడు, ఈ నేర్పును రేఖగా గీస్తే, దాని చదునైన చోట నిలబడి ఉన్నాడు. ఇంకో వంద పోరాటాలు చేసినా తాను మెరుగైనట్టు అతనికి తెలియదు.

ఇలా విసిగిన ఈవ్ ఆటగాళ్లలో కొందరు ఫ్లీట్ వదిలి, రిఫ్టర్ లాంటి చవకైన చిన్న ఓడ ఎక్కి ఒంటరిగా వేటకు బయలుదేరతారు. ఇదే ఆటలో ఇంకో ఆట ఉందని వాళ్లకు అప్పుడు తెలుస్తుంది.

ఒక రిఫ్టర్‌కు తనకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన బ్యాటిల్‌షిప్ ఎదురైందనుకుందాం. పెద్ద ఫిరంగి దెబ్బ ఒక్కటి సరిగ్గా తగిలితే చాలు, రిఫ్టర్ పని అయిపోయినట్టే. కానీ పెద్ద ఫిరంగి మెల్లగా తిరుగుతుంది. రిఫ్టర్ సెకనుకు 500 మీటర్ల వేగంతో, 20 కిలోమీటర్ల దూరంలో చుట్టూ తిరుగుతుంటే ఫిరంగి సెకనుకు ఒకటిన్నర డిగ్రీ తిరిగితే సరిపోతుంది. అదే వేగంతో ఒక కిలోమీటరు దగ్గరికి వచ్చి తిరిగితే సెకనుకు 28 డిగ్రీలకు పైగా తిరగాలి. అది దాని వల్ల కాదు. ఓడలు కల్పితమైనా ఈ కోణీయ వేగం మన భౌతికశాస్త్ర పాఠంలోనిదే. చిక్కంతా ఆ ఒక కిలోమీటరు దగ్గరికి చేరడంలోనే ఉంది. తిన్నగా దూసుకెళితే శత్రువు కంటికి రిఫ్టర్ కదలనట్టే ఉంటుంది, ఫిరంగికి తిరిగే పనే ఉండదు. అందుకే వాలుగా, సుడి తిరుగుతూ దగ్గరికి చేరాలి. చేరాక శత్రువు పారిపోకుండా స్క్రాంబ్లర్ వెయ్యాలి. ఈలోగా అతను డ్రోన్లు వదులుతాడు, వెబ్ వేసి రిఫ్టర్ వేగం తగ్గిస్తాడు, బ్యాటరీ పీల్చేస్తాడు. ఉండాలా, తప్పుకోవాలా? చెప్పడానికి కమాండర్ లేడు. ఆ రెండు నిమిషాల్లో తీసుకునే నిర్ణయాలు పెద్ద యుద్ధంలో ఒక రాత్రంతా కూర్చున్నా ఎదురుకావు.

ఓడిపోయినా ఆడినవాడికి హాయిగా ఉంటుంది. ఎందుకు ఓడిపోయాడో అతనికి తెలుసు, ఓడ చవక, ఇంకోటి ఎక్కి మళ్లీ ప్రయత్నించవచ్చు. రిచర్డ్ ర్యాన్, స్కాట్ రిగ్బీ, ఆండ్రూ ప్రజిబిల్‌స్కీ 2006లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ అక్కరకొస్తుంది. ఆటలో కలిగే ఆనందానికి, నా ఇష్టప్రకారం ఆడుతున్నాను, నాకు చేతనవుతోంది అనే భావాలతో గట్టి సంబంధం ఉందని వాళ్లు చూపారు. నలుగురు కలిసి ఆడే ఆటల్లో తోటివారితో అనుబంధం మూడోది. ఫ్లీట్ మూడోదాన్ని పుష్కలంగా ఇస్తుంది, మొదటి రెండింటికీ కోత పెడుతుంది.

ర్యాంకులున్న ఆటల్లో ఈ విసుగు ఇంకోలా వస్తుంది. అర్పాద్ ఎలో అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు చదరంగం కోసం రూపొందించిన రేటింగ్ పద్ధతి లాంటిదే నేటి ఆన్‌లైన్ ఆటలెన్నిటికో ఆధారం. సమ ఉజ్జీలను జతచేయడమే దాని పని కాబట్టి, ఎంత బాగా ఆడినా గెలుపు సగం దగ్గరే తచ్చాడుతుంది. గెలుపుల సంఖ్యలోనే సరదా వెతుక్కునేవాడికి ఇందులో తృప్తి దొరకడం కష్టం. పద్ధతి మార్చినవాడి రేటింగ్ మొదట పడిపోతుంది కూడా. ఆ పడిపోవడాన్ని తట్టుకోలేకనే చాలామంది పాత ఆటకే అతుక్కుపోతారని నాకనిపిస్తుంది.

పద్ధతి మారిస్తే ఆట మళ్లీ కొత్తదవుతుందనడానికి చదరంగమే మంచి సాక్ష్యం. ఓపెనింగులు కంఠతా పట్టడంతో విసిగిన బాబీ ఫిషర్ 1996లో వెనక వరుస పావులను 960 రకాలుగా పేర్చే ఆటను ప్రకటించాడు. ఎత్తులు అవే, పావులు అవే. పోయేది కంఠస్థం మాత్రమే, తొలి ఎత్తు నుంచే ఆలోచించాలి. 2025లో లాస్ వెగాస్‌లో ఈ పద్ధతిలో జరిగిన ఫ్రీస్టైల్ పోటీలో మన హనుమకొండ కుర్రాడు అర్జున్ ఎరిగైసి సెమీఫైనల్ దాకా వెళ్లాడు.

పద్ధతి మార్చినవాడు సున్నా దగ్గరికేమీ పోడు. పటం తెలుసు, ఎదుటివాళ్ల అలవాట్లు తెలుసు, చేతివేగం ఉంది. నేర్పు రేఖలో నిటారుగా ఎక్కే చోటు మాత్రం మళ్లీ దొరుకుతుంది. అయితే ఏ మార్పు అయినా పనిచేస్తుందనుకోవద్దు. ఇంకా ఖరీదైన ఓడ కొంటే బలం పెరుగుతుంది, తీసుకునే నిర్ణయాలు అవే ఉంటాయి. వీడియోలో చూసిన ఎత్తుగడను మక్కికి మక్కి దించితే నిర్ణయాలు ఆ వీడియో చేసినవాడివి. బీజీఎంఐ లాంటి తుపాకుల ఆటలో ఏడాదిగా కొండమీద పడుకుని స్నైపర్‌తో కాల్చేవాడు ఇంకో స్నైపర్ కొనడం కన్నా, ఒక వారం షాట్‌గన్ పట్టుకుని ఇళ్ల మధ్య దిగడం మేలు. అక్కడ అతనికి ఎదుటివాడు కనపడేముందు అడుగుల చప్పుడు వినాల్సి ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ చప్పుడు అతనికి అక్కర్లేకపోయింది.