పసిపిల్లలతో నేపాల్ కొండలకు: టికెట్టు కొనకముందే ఆలోచించవలసినవి

సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా పిల్లల ఓ.పి.లో ఈమధ్య ఒక కొత్త ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. "సిస్టర్, నేపాల్ పోదామనుకుంటున్నం, చిన్నోన్ని తీసుకపోవచ్చా?" జనగామ, మహబూబాబాద్ నుంచే కాదు, భూపాలపల్లి సింగరేణి కాలనీల నుంచి కూడా అడుగుతున్నారు. వీసా అక్కరలేని పరదేశం అది. రైల్లో గోరఖ్‌పూర్ వరకు వెళ్ళి, సోనౌలి దగ్గర సరిహద్దు దాటవచ్చు. కొందరు ముక్తినాథ్ యాత్రకు, కొందరు పోఖరా సరస్సు, మంచు కొండలు చూడటానికి బయలుదేరుతారు. వెళ్ళవద్దని మేము అనము. అయితే ప్రయాణాన్ని ఇంటి పెద్దను బట్టి కాక, ఇంట్లో అందరికంటే చిన్నబిడ్డను బట్టి వేసుకోమంటాము.

చలి ఒక్కటే కాదు, ఎత్తు చూడండి

స్వెట్టర్లు కొనడం ఎవరూ మరచిపోరు. ఎత్తు సంగతి మాత్రం చాలామందికి తట్టదు. మన ఊళ్ళు సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల లోపే ఉన్నాయి. పోఖరా సుమారు 820, కాఠ్మాండూ సుమారు 1,400 మీటర్లు. ఈ రెండు చోట్ల ఎత్తు వల్ల ఇబ్బంది ఉండదు. జోమ్‌సోమ్ 2,700, ముక్తినాథ్ 3,700 మీటర్లు దాటి ఉంటాయి. ముక్తినాథ్‌లో ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు మన ఊళ్ళో అందేదానిలో ఇంచుమించు మూడింట రెండు వంతులే.

2,500 మీటర్లు దాటితే ఎవరికైనా ఎత్తు జబ్బు రావచ్చు. ఒళ్ళు గట్టిగా ఉన్నవారికి రాదనుకోవడం పొరపాటు. పొద్దున పోఖరాలో జీపు ఎక్కి రాత్రికి పైన పడుకుంటే శరీరం అలవాటు పడటానికి సమయమే దొరకదు. 3,000 మీటర్లు దాటాక, ఒక రాత్రి పడుకున్న చోటికన్నా మరుసటి రాత్రి బస 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకు ఒకరోజు ఉన్నచోటనే ఆగాలి.

మాటలు రాని బిడ్డ ఎలా చెబుతుంది?

పెద్దలు తలనొప్పి, వికారం అని చెప్పగలరు. పసిబిడ్డ చెప్పలేదు. పాలు తాగదు, అన్నం ముట్టదు, ఆడుకోదు, ఊరికే ఏడుస్తుంది, వాంతి చేసుకుంటుంది, నిద్రపోదు. దీన్ని ప్రయాణ బడలిక అనో, దిష్టి తగిలిందనో అనుకొని ఊరుకోవద్దు. కొండపైన చిన్నబిడ్డకు నలత చేస్తే, వేరే కారణం తేలేవరకు అది ఎత్తు వల్లనే అనుకోవాలి. ఇంకా పైకి వెళ్ళకూడదు. తగ్గకపోతే కిందికి దిగాలి.

కదలకుండా ఉన్నా ఆయాసం, విడవని దగ్గు, నీలిరంగు పెదవులు, మత్తు, తూలి పడటం ప్రాణాపాయ సూచనలు. తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు. ఆక్సిజన్ దొరికితే పెట్టిస్తూ వెంటనే దిగాలి. దిగడమే అసలైన మందు. దర్శనం మరో ఏడాది చేసుకోవచ్చు.

ఎవరు ముందుగా డాక్టరును అడగాలి?

పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవారు, ఈమధ్యనే న్యుమోనియా వచ్చినవారు, రక్తం బాగా తక్కువ ఉన్నవారు, నెలలు నిండకుండా పుట్టి ఊపిరితిత్తుల ఇబ్బంది పడిన శిశువులు, గర్భిణులు తప్పక అడగాలి.

మన ప్రాంతంలో మరొకటి ఉంది, అది సికిల్ సెల్ వ్యాధి. గిరిజన కుటుంబాల్లో ఎక్కువగా, ఇతరుల్లో కూడా కనిపిస్తుంది. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఈ వ్యాధిలో ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగి రక్తనాళాలకు అడ్డుపడతాయి. తీవ్రమైన నొప్పులు వస్తాయి. ఈ వ్యాధి ఉన్న బిడ్డను ఎత్తయిన కొండలకు తీసుకుపోకూడదు. వ్యాధి లేకుండా లక్షణాన్ని మాత్రమే మోసే వారికి సైతం అక్కడ ప్లీహం దెబ్బతిని, ఎడమ డొక్కలో నొప్పి రావచ్చు. గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్షలు విస్తృతంగా జరపడానికి కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. ఇంతవరకు చేయించుకోనివారు ప్రయాణానికి ముందే చేయించుకోండి.

కొండ ఎక్కకుండానే మంచు కొండలు

రెండేళ్ళలోపు బిడ్డ ఉంటే రాత్రి బస 2,500 మీటర్లకు లోపలే పెట్టుకోమని మా సలహా. అందువల్ల పోగొట్టుకునేది ఏమీ లేదు. పోఖరా పక్కన సుమారు 1,600 మీటర్ల ఎత్తులోని సారంగ్‌కోట్ నుంచి అన్నపూర్ణ, మచ్ఛపుఛ్రే శిఖరాలు కళ్ళెదుటే కనిపిస్తాయి. కాఠ్మాండూ దగ్గరి నాగర్‌కోట్ కూడా 2,200 మీటర్లకు మించదు.

అక్టోబరు చివర, నవంబరు, మార్చి, ఏప్రిల్ మంచి నెలలు. వానల్లో కొండచరియలు విరిగిపడతాయి. 2024 సెప్టెంబరు చివరి వారంలో వరదలకు అక్కడ 200 మందికి పైగా మరణించారు. దసరా తొందరగా వచ్చిన ఏడు వాతావరణం చూసుకొని కదలండి.

సంచిలో, పర్సులో ఉండవలసినవి

• పెద్దలకు పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని. 15 ఏళ్ళలోపు, 65 ఏళ్ళు దాటిన వారికి ఆధార్ చాలు. 15 నుంచి 18 ఏళ్ళ వారికి పాస్‌పోర్టు లేకుంటే బడి ప్రధానోపాధ్యాయుని గుర్తింపు పత్రం.

• టీకాల కార్డు. ఎం.ఆర్. రెండు డోసులు పూర్తయ్యాయో లేదో చూడండి. టైఫాయిడ్ టీకా గురించి అడగండి.

• ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, బిడ్డ బరువును బట్టి రాయించుకున్న పారాసిటమాల్, థర్మామీటరు. నిద్ర వచ్చే సిరప్‌లు వద్దు. పెద్దల మాత్ర విరిచి పిల్లలకు వేయవద్దు.

• టోపీ, మేజోళ్ళు. వీపున మోసే బిడ్డ కదలదు కనుక త్వరగా చల్లబడుతుంది. చేతులు, కాళ్ళు తాకి చూస్తుండాలి.

• ప్రయాణ బీమా. ఆరోగ్యశ్రీ అక్కడ పనిచేయదు. పాలసీ ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో చదివి తీసుకోండి.

నేపాల్‌లో అంబులెన్సు నంబరు 102. సోనౌలి నుంచి పోఖరాకు తాన్‌సేన్ మీదుగా వెళితే, దారిలో 1954లో మొదలైన మిషన్ ఆసుపత్రి ఉంది. గుర్తుంచుకోండి.

బయలుదేరడానికి కనీసం నెల రోజుల ముందు బిడ్డను ఒకసారి ఆసుపత్రికి తీసుకురండి. బరువు, రక్తం, టీకాలు చూసి, మీరు రాసుకున్న ఊళ్ళ పట్టీలో ఎక్కడ రాత్రి ఆగవచ్చో కలిసి చూద్దాం. క్షేమంగా వెళ్ళి లాభంగా రండి.