సముద్రంలో చేపల పంజరాలు



మొన్న మా వీధికి గంపతో వచ్చే ఆవిడ దగ్గర నాలుగు పండుగప్పలు తీసుకున్నాను. నాలుగూ ఒకే కొలతలో ఉన్నాయి. "ఇదేం చోద్యమే?" అంటే, "ఇవి వేటలో పడ్డవి కావమ్మగారూ, సముద్రంలో పంజరం కట్టి పెంచినవి" అంది. చేపల చెరువులు మనం ఎరిగినవే. సముద్రంలో పెంపకమేమిటని నాకూ విడ్డూరంగానే అనిపించింది. నేను తెలుసుకున్నది చెబుతాను వినండి.

పంజరమంటే చిలక పంజరం కాదు. లావుపాటి నల్ల ప్లాస్టిక్ గొట్టాన్ని గుండ్రంగా వంచి నీటిమీద తేలేస్తారు. దానికి పెద్ద సంచిలాగా వల వేలాడుతుంది. అందులోనే చేపలు. బయటి పెద్ద చేపలు కొరక్కుండా చుట్టూ ఇంకో వల, పక్షులు తన్నుకుపోకుండా పైన మరొకటి, కొట్టుకుపోకుండా అడుగున లంగర్లు. నీరు దానంతటదే వచ్చిపోతుంది గనక తోడే ఖర్చు లేదు. కాని వలకి నాచు పట్టిందా, మడ్డి పట్టిన టీ వడపోతలాగే మూసుకుపోతుంది. మార్చి ఉతుక్కుంటూ ఉండాల్సిందే.

మన దేశంలో నడిసముద్రపు పంజరాన్ని 2007లో మన విశాఖపట్నం దగ్గరే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు వేశారు. అడ్డకొలత 15 మీటర్లు. వేసింది పండుగప్పనే. అంత పెద్దది బెస్తవారికి మోయలేని ఖర్చు గనక తర్వాత 6 మీటర్లవి తయారుచేశారు.

ఈ పండుగప్ప సంగతొకటి చెప్పాలి. చిన్నతనంలో మగది, పెద్దయ్యాక ఆడదవుతుంది! పైగా తనకంటే చిన్న పిల్ల కనిపిస్తే మింగేస్తుంది. అందుకే ఎప్పటికప్పుడు కొలతలవారీగా ఏరి వేరుచేస్తారు. నా నాలుగు చేపలూ సమానంగా ఉండటం వెనక కథ అదన్నమాట.

ఇక లాభం మాట. పాడిగేదె ఉన్న ఇంట్లో ఆవిణ్ణి అడగండి, పాల లెక్కంతా దాణాలోనే ఉందంటుంది. ఇక్కడా అంతే. కిలో చేప పెరగాలంటే ఐదారు కిలోల చిల్లర చేప మేపాలి. లెక్కకోసం పెంచిన చేప కిలో 400, చిల్లర చేప కిలో 30 రూపాయలనుకుందాం. ఆరు కిలోలకి 180 పోతే 220 మిగిలింది. అందులోంచే పిల్లల ఖరీదు, వలలు, పడవ నూనె, కాపలా, అప్పుమీద వడ్డీ. అదే చిల్లర చేప 45 అయితే మిగిలేది 130. మధ్యలో చచ్చిన చేప తిన్న మేత మాత్రం ఎవరిస్తారు?

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బజారుకి సముద్రపు చేప తక్కువొచ్చే ఆ రోజుల్లో పంజరం చేపకి మంచి ధర పలుకుతుంది. అయితే మేతకి కావలసిన చిల్లర చేపకీ అప్పుడే కరువు! అక్టోబరు, నవంబరుల తుఫాన్ల భయం చెప్పనే అక్కర్లేదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ పెట్టారు, ఇతరులకు 40. నాకైతే సంతోషమే. కాని సబ్సిడీ పంజరం ఖర్చు తగ్గిస్తుంది గాని ఏటేటా మేత కొనిపెట్టదు కదూ?

పెంపకం పెరిగినకొద్దీ లాభం పెరుగుతుందనీ లేదు. నార్వేలో 1970లో హిత్రా అనే దీవిలో ఇద్దరు అన్నదమ్ములు పంజరాల్లో సాల్మన్ చేపలు వేశారు. ఇప్పుడా దేశం ఏటా 15 లక్షల టన్నుల దాకా తీస్తోంది. కాని నడుమ, 1991లో, సరుకు ఎక్కువై ధర పడిపోయి, రైతుల అమ్మకపు సంస్థే దివాలా తీసింది.

గుళికల మేతైతే కిలో చేపకి రెండు కిలోల లోపే చాలంటారు. ఖరీదు ఎక్కువ. అందులోనూ చేపల పొడి కలుస్తుంది.

ఇదంతా మా గంప ఆవిడకి చెబితే ఆవిడ కత్తిపీట కడుక్కుంటూ, "చిల్లర చేపంటారు గాని అమ్మగారూ, మా ఇంట్లో కూరదే. కవళ్ళు కూడా మేతకే కొనుకెళ్ళిపోతే మేమేటి వొండుకోవాల?" అంది.